తాబేలు చెవిలో కిన్నెర

ముందుగా ఒక మాట గట్టిగా చెప్పేస్తున్నాను. నా కథల్లో నాయకుడు ఓడిపోడు. ఏనుగు తొక్కితే దుమ్ము దులుపుకొని లేస్తాడు. పాము కరిస్తే పామే పోతుంది. ఇన్నేళ్ళుగా చెబుతున్నాను, నా నాయకుల్లో ఒక్కడైనా ఓడిన పాపాన పోలేదు. ఈ అధ్యాయంలో అలాంటిది జరిగిందా, నా మీసం సగం గొరిగించుకొని సంతలో తిరుగుతాను. సరేనా? అయితే కూర్చోండి.

తూర్పు సముద్రపు ఒడ్డున, ఉప్పుగాలికి నిగ్గుతేలిన నల్లకొండ మీద, కూర్మపురి అనే మహానగరం ఉండేది. గోపురాలకు పగడపు కలశాలు, మేడలకు ముత్యపుచిప్పల సున్నం. పొద్దుపొడుపు ఎండ ఆ సున్నం మీద పడితే దూరాన పోయే ఓడలవాళ్ళు కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకొనేవారు. రాజవీధి పొడుగునా గంధపు దుకాణాలు, పూలవీధిలో మొగలిపొత్తుల గుట్టలు, ఏనుగుల చావడి దగ్గర ఇంటెత్తు చెరకుపిప్పి. సాయంత్రం గాలి తిరిగిందంటే ఈ వాసనలన్నీ కలిసి రేవులోని నావికుల ముక్కుకు తగిలి, వాళ్ళు అన్నం తినడం మరిచిపోయేవారు.

అదంతా సరే, మేడలు ఏ ఊళ్ళో లేవు? వింత ఏమిటంటే ఆ కొండ కొండ కాదు. తాబేలు.

నవ్వకండి. డిప్ప మీది ఒక్కొక్క పలక ఒక్కొక్క పేట. పలకకూ పలకకూ నడుమ ఉన్న గాడి ఒక్కొక్క వీధి. అందుకే ఆ ఊళ్ళో సరిహద్దు తగాదా అన్నది పుట్టనే లేదు. జనం ఆ తాబేలును అవ్వ అని పిలిచేవారు. ఒట్టు వేస్తే అవ్వ మీదే వేసేవారు. రోకళ్ళ పొన్నులకు గుడ్డ చుట్టి దంచేవారు. కోడలు కాస్త గట్టిగా పోటు వేసిందంటే, "నెమ్మదే తల్లీ! అవ్వ లేచిందంటే నీ పుట్టింటికీ మా ఇంటికీ ఒకటే దారి, సముద్రంలోకి" అని అత్త గదమాయించేది.

అది ఉత్త భయం కాదు. తాబేలు లేస్తే నీళ్ళకే పోతుంది కదా. నడివయసు దాటినవాళ్ళందరికీ ఒక లేవడం గుర్తుంది. ఆనాడు అవ్వ ముందుకాలు సముద్రంలో పెట్టేసింది. రేవుపేట మొలలోతు మునిగింది. అప్పుడు ఒక కుర్రవాడు కిన్నెర వీపుకు కట్టుకొని, అవ్వ మెడ మీదుగా పాకి, చెవి పక్కన కూర్చొని ఒక పాట వాయించాడు. ఇత్తడి పళ్ళెం మీద వడగళ్ళు పడ్డట్టు ఉన్నదట ఆ వాయింపు. అవ్వ విన్నది. కాలు వెనక్కి తీసుకున్నది. గురక పెట్టి పడుకున్నది. ఆ పాటకు వడగళ్ళవాన అని పేరు పడింది. ఆ కుర్రవాడి పేరు జక్కమల్లు. మన నాయకుడు అతడే.

ఈ కథ నాటికి జక్కమల్లు గడ్డం నెరిసింది. కిన్నెర అదే. నిలువెత్తు వెదురు, దాని కింద మూడు సొరబుర్రలు, తేనెమైనంతో అంటించిన మెట్లు, కొసన నెమలీకల కుచ్చు. కానీ అందులోనుంచి వచ్చే పాట మారింది. ఏ రోజు మారిందంటే ఎవరు చెప్పగలరు? జుట్టు ఏ రోజు తెల్లబడిందో అద్దాన్ని అడిగితే చెబుతుందా? మొదట వడగళ్ళు. కొన్నేళ్ళకు వాన. ఇప్పుడు వాన వెలిశాక చూరునుంచి జారే చుక్కలు. ఒక మీటుకూ ఇంకో మీటుకూ మధ్య ఎడ్లబండిని మలుపు తిప్పుకోవచ్చని ఊళ్ళో హాస్యం. పెళ్ళిళ్ళకు పిలిచి, "ఆ వడగళ్ళవానే అందుకోవయ్యా మల్లూ" అనేవారు. అందుకొనేవాడు. కాసేపటికి వేళ్ళు వాటంతట అవే ఏ లోతుకో దిగిపోయేవి. జనం తాంబూలానికి లేచేవారు. "పాపం, చెయ్యి పడిపోయింది" అనుకొంటూ పోయేవారు.

అటువంటి రోజుల్లో, ఒక ఉదయం, నేల కింద పెద్ద నిట్టూర్పు వినిపించింది. బావుల్లో నీరు పొంగి వీధిన పడింది. కోటగంట దానంతటదే మోగింది. అవ్వ కదులుతున్నది.

రాజు పృథువర్మ పాగా కూడా చుట్టుకోకుండా కొలువుకు వచ్చి జక్కమల్లును పిలిపించాడు.

"మల్లూ, ఆనాటి పాటే వాయించాలి. ఆనాటి తీరులోనే. ఒక్క మెట్టు అటూ ఇటూ కాకూడదు."

"దొరా, ఆ చెయ్యి ఇప్పుడు లేదు."

"ఎక్కడికి పోయిందయ్యా? రెండూ కనబడుతూనే ఉన్నాయిగా!"

"ఉన్నాయి దొరా. నా మాట వినవు."

"నా మాట వింటాయి, పద."

ఆ రాజ్యపు ఆచారం అలాంటిది. ఏ పాట ఏ తీరున ప్రాణం కాపాడిందో ఆ పాట ఆ తీరుననే మళ్ళీ పలకాలి. మార్చినవాడు ద్రోహి. జనమంతా కోటగోడ ఎక్కి చూస్తుండగా జక్కమల్లు అవ్వ మెడ మీద కూర్చొని వడగళ్ళవాన అందుకొన్నాడు. పళ్ళు బిగబట్టి, వేళ్ళను కొరడాతో తోలినట్టు తోలాడు. రెండో చరణంలో చిటికెన వేలు జారింది. మూడో చరణంలో తీగ తెగి చెంప చీరింది. అవ్వ ఒళ్ళు విదిలించింది. కోటగంట గోపురంతో సహా పెకలి సముద్రంలో పడింది.

ఓడిపోయాడు. ఇంకేం చెప్పను? ఊరంతా చూస్తుండగా నిలువునా ఓడిపోయాడు. మీసం సంగతి అంటారా? నాకు మీసం ఎప్పుడుంది గనక! ఉన్నదని మీరు అనుకొంటే తప్పు నాదా? కథలోకి రండి.

గోపురం పడ్డచోట సముద్రంలోనుంచి నల్లటి పొగ లేచింది. పొగలోనుంచి ఒక మాంత్రికుడు నడిచివచ్చాడు. మెడలో చేప ముళ్ళ హారం, నుదుట తారు బొట్టు, మాట్లాడితే నోట్లో నీలపు నాలుక. వాడి పేరు కాలజిహ్వుడు. చేతిలో ఒక తెల్లటి శంఖం ఉన్నది.

"రాజా, నీ మల్లు ఆనాడు వాయిస్తుంటే నేను బిచ్చగాడి వేషంలో పక్కనే ఉన్నాను" అన్నాడు. "ఆ పాటనంతా ఈ శంఖంలో పట్టి, మైనం పెట్టి మూశాను. ఈనాటిదాకా మూత తియ్యలేదు. కొత్త బెల్లంలా ఉంది. వినిపించనా?"

"వినిపించు స్వామీ, ఏం కావాలన్నా ఇస్తాను!"

"నీ కిరీటం. ఇంకా ఆ ముసలి వాయిద్యగాడి పది వేళ్ళు. శంఖం ఉండగా ఇక వాటితో పనేముంది? సూర్యుడు నడినెత్తికి రాగానే ఊదుతాను. అవ్వ పడుకోగానే నా కూలి నాకు."

పృథువర్మ నేల కేసి చూశాడు. నేల వణుకుతున్నది. "సరే" అన్నాడు. భటులు జక్కమల్లును కిన్నెరతో సహా చెరసాలలో తోశారు.

రాజకుమారి హేలావతి ఇదంతా తెర వెనకనుంచి విన్నది. ఆమె కిన్నెర నేర్చుకొన్నది జక్కమల్లు దగ్గరే. వెంటనే నగలు తీసి పడేసింది, మోకాళ్ళ పైకి చీర ఎగగట్టింది, నెత్తిన చేపలగంప పెట్టుకొన్నది, భుజాన విసురువల వేసుకొన్నది, చెరసాల వాకిట నిలిచి కేక పెట్టింది.

"చేపలో! సావిడాయి చేపలో!"

"పోవే! ఊరు మునుగుతుంటే చేపలంట!" అన్నాడు ఒక భటుడు.

"మునిగాక మీరే చేపలకు కూరైపోతారు బావా. ఈలోగా మీరైనా రెండు తినండి."

రెండోవాడు నవ్వి గంపలోకి వంగాడు. మొదటివాడూ వంగాడు. వల గాలిలో గొడుగులా విచ్చుకొని ఇద్దరి మీదా పడింది. వాళ్ళు ఒకరి కాలు ఒకరు విడదీసుకొనేలోగా చెరసాల తలుపు తెరుచుకొన్నది.

"రాజమ్మా, ఇదేం పని?" అన్నాడు జక్కమల్లు. "దొరవారు కిరీటమే ఇచ్చేస్తున్నారు. నా వేళ్ళదేముంది?"

"కిరీటం తరువాత చూసుకొందాం గురువుగారూ. ముందు వేళ్ళు. పరుగెత్తండి, అవ్వ చెవిలో దాక్కొందాం!"

వాళ్ళు పరుగెత్తారు. సున్నపువీధి దాటి, డిప్ప అంచుకు చేరి, అక్కడినుంచి సముద్రం వైపు దిగసాగారు. డిప్ప అంచున తిరుగళ్ళంత గవ్వలు అతుక్కొని ఉన్నాయి. వాటిని మెట్లుగా చేసుకొని దిగుతుంటే కింద అలలు గోడలై లేచి పాదాలు నాకి పోతున్నాయి. సగం దిగేసరికి గవ్వల చాటునుంచి బండి చక్రమంత పీత బయటికి వచ్చింది. దాని నుదుటా తారు బొట్టు ఉంది. మాంత్రికుడి కాపలా. పీత డెక్క చాచి కిన్నెరను పట్టబోయింది. హేలావతి పక్కనే గవ్వల్లో చిక్కుకొన్న విరిగిన తెడ్డు లాగి దాని డెక్కలో అడ్డంగా దూర్చింది. పీత మూయలేక, తెరవలేక, గిరగిరా తిరిగి అలలో పడింది. తెడ్డు ముక్క ఆమె చేతిలో మిగిలింది.

చివరికి అవ్వ చెవి.

ఎలా చెప్పను? గుడి మహాద్వారాలు నాలుగు ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఎంతో అంత ఎత్తు. నాచు పచ్చటి తెరలుగా వేలాడుతున్నది. ఆ తెరలు లోపలికి పోతాయి, ఆగుతాయి, బయటికి వస్తాయి. అవ్వ ఊపిరి. గోడలు సముద్రపు వెలుగును పీల్చుకొని లేత ఎర్రగా, దీపం ముందు పెట్టిన అరచేతిలా, మెరుస్తున్నాయి. దూరాన ఎక్కడో ఒక నది పారుతున్న చప్పుడు. నది కాదు, నెత్తురు. ఇద్దరూ తలలెత్తి చూశారు. తమ ఊరి కింద, తమ పొయ్యిల కింద, తమ పెళ్ళిపందిళ్ళ కింద ఇంత ప్రాణం ఉన్నదని ఒట్లు వేసిన వాళ్ళే గాని చూసినవాళ్ళు లేరు. రాజకుమారి కుడి చెప్పు, ఎడమ చెప్పు విడిచి పక్కన పెట్టింది.

అంతలో సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. అవ్వ తల మీద నిలబడి కాలజిహ్వుడు మైనం తీసి శంఖం ఊదాడు.

వడగళ్ళవాన!

ఆ చెవి గుహంతా తళతళలాడిపోయింది. ఒక్క మీటు మసకగా లేదు. ఒక్క మెట్టు తప్పలేదు. గుర్రం జారుడుబండ మీద దౌడు తీస్తూ జారనట్టుగా ఉంది. మీద కోటగోడల నుంచి జనం "అదీ! అదీ మల్లు చెయ్యి!" అని అరుస్తున్నారు.

జక్కమల్లు చెవి రిక్కించి విన్నాడు.

"ఎవడమ్మా వీడు? వెనకనుంచి ఎవరో తరుముతున్నట్టు వాయిస్తున్నాడు."

"మీరే గురువుగారూ."

"నేనా?" మళ్ళీ విన్నాడు. "పాపం. చెయ్యి మంచిదే. వాడికి ఇంకా ఊపిరి తీసుకోవడం రాలేదు."

ఆ మాట పూర్తికాకముందే గుహ అదిరింది. అవ్వ పడుకోలేదు. ఆమె గురక ఒక స్థాయిలో, శంఖం మరొక స్థాయిలో ఉన్నాయి. రెండూ ఒకే దుంగ మీద అడ్డదిడ్డంగా పడ్డ రెండు రంపాల్లా రాసుకొన్నాయి. అవ్వ మూలిగింది. ముందుకాలు లేచి సముద్రంలో దభీమని పడింది. నీళ్ళు చెవి వాకిట్లోకి తన్నుకొచ్చాయి. మీద ఊళ్ళో ఏడుపులు మొదలయ్యాయి.

"గురువుగారూ! శంఖం శ్రుతి కలవడం లేదు!"

"ఎలా కలుస్తుంది తల్లీ, ఆనాటి శ్రుతి గదా అది" అన్నాడు జక్కమల్లు. అని, తానే ఉలిక్కిపడ్డాడు.

ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. కూర్మపురి వాయిద్యగాళ్ళకు వేరే శ్రుతిపెట్టె లేదు. పొద్దున లేవగానే నేలకు చెవి ఆనించి అవ్వ గురక వింటారు. కింది తీగను దానితో కలుపుకొంటారు. తాతల నాటినుంచీ అంతే. పళ్ళు తోముకోవడం వంటిది, ఎవరూ దాన్ని విద్య అనుకోరు. అయితే అవ్వకూ వయసు వస్తున్నది. ఆమె గురక ఏడాదికి వెంట్రుకవాసి దిగింది. ఊపిరికీ ఊపిరికీ నడుమ వెంట్రుకవాసి ఎడం పెరిగింది. జక్కమల్లు తీగ దానితోనే దిగింది. అతని వేళ్ళు ఆ ఊపిరితోనే నిదానించాయి. తెలియలేదు, ఎవరూ చెప్పలేదు. ఒకే మంచం మీద ముసలివాళ్ళైన ఆలుమగలు ఎవరు ఎవరి నడకకు తగ్గారో చెప్పగలరా? శంఖంలోని పాట మాత్రం మైనం కింద ఉండిపోయింది. అది ఒక్క ఉదయం కూడా నేలకు చెవి ఆనించలేదు.

జక్కమల్లు నీళ్ళలోనే కూలబడ్డాడు. తెగిన తీగను ముడివేసి బిగించాడు. గుహ గోడకు చెవి ఆనించి, కింది తీగను సవరించాడు. సవరించడానికి ఏమీ లేదు. అది అక్కడే ఉన్నది.

ఒక్కసారి మీటాడు.

ఆ మీటు గోడలోకి ఇంకింది. ఇంకి, ఎంతోసేపటికి, ఎక్కడో లోతులోనుంచి పెద్దదై తిరిగివచ్చింది. అది వచ్చేదాకా అతడు రెండో మీటు వెయ్యలేదు. ఎడ్లబండి మలుపు తిరిగేంత ఎడం అని ఊరు నవ్విన ఆ ఎడంలో అవ్వ ఊపిరి పట్టింది, సరిగ్గా పట్టింది. వచ్చిన ప్రతి ఊపిరికీ ఒక మీటు. భోజనమయ్యాక తన అరుగు మీద ఎవరూ లేనప్పుడు ఎలా వాయించుకొంటాడో అలాగే వాయించాడు. నాచు తెరలు మెల్లగా ఊగసాగాయి. శంఖం ఇంకా మీద గలగలమంటూనే ఉంది గాని, గోడకు తగిలి రాలిపోతున్నది.

"పడుకొంటుందా?" అన్నది హేలావతి గుసగుసగా.

అవ్వ పడుకోలేదు. కన్ను తెరిచింది.

తేనెరంగు కన్ను. అందులో ఒక చెరువు పడుతుంది. పొద్దుటి సూర్యుణ్ణి ఒకణ్ణి అందులో వేసి మూత పెట్టవచ్చు. అది సముద్రం వైపు చూసింది. చాలాసేపు చూసింది. అవ్వ సముద్రంలోని కాలును, నీళ్ళు కారుతుండగా, పైకి తీసింది. మెడ తిప్పింది. దిక్కులు తిరిగిపోయాయి. తూర్పున ఉన్న సముద్రం వెనక్కి పోయింది. ఎదుట పడమటి కొండలు వచ్చి నిలిచాయి.

అడుగు వేసింది.

ఒక్కొక్క మీటుకు ఒక్కొక్క అడుగు. నగరం నగరమే నడిచింది! గోపురాలు, మేడలు, గంధపు దుకాణాలు, చెరకుపిప్పితో సహా ఏనుగుల చావడి, పల్లకీలో కూర్చొన్న పెళ్ళికూతురిలా ఊగుతూ కదిలాయి. పొలాల్లో నాట్లు వేస్తున్నవాళ్ళు నడుములెత్తి చూశారు. వాళ్ళ మీద నగరం నీడ పడి, నిదానంగా తొలగిపోయింది. అవ్వ పాదం ఊళ్ళను తప్పించి, చెరువులను తప్పించి, పక్షి గూళ్ళున్న పొదను కూడా తప్పించి పడుతున్నది. పృథువర్మ మేడమీద చేతులు జోడించి నిలబడిపోయాడు. కిరీటం ఎప్పుడు జారి పడిందో ఆయనకు తెలియదు.

కాలజిహ్వుడికి మాత్రం ఆశ్చర్యపడే తీరిక లేదు. అవ్వ మెడ తిప్పినప్పుడు శంఖం చేజారి రాతి మీద పడి పగిలింది. అందులోని వడగళ్ళవాన ఆఖరి గలగలతో గాలిలో కలిసింది. వాడు కనురెప్ప వెంట్రుకను పట్టుకొని వేలాడి, ఊగి, చెవి వాకిట్లోకి దూకాడు. వాడి నీలపు నాలుక బారెడు సాగి కత్తి అయింది.

"వాయింపు ఆపు ముసలాడా! ఆపితే తాబేలు నీళ్ళకు తిరుగుతుంది. తిరిగితే నీ రాజు మళ్ళీ నా కాళ్ళ మీద పడతాడు!"

జక్కమల్లు ఆపలేదు. ఆపడానికి లేదు. ఒక్క మీటు తప్పితే ఒక్క అడుగు తప్పుతుంది, అడుగు తప్పితే నగరం ఒరుగుతుంది. హేలావతి విరిగిన తెడ్డు పట్టుకొని అతనికి అడ్డంగా నిలిచింది. కత్తినాలుక దూసుకొచ్చింది. ఆమె తెడ్డుతో కొట్టింది. అది గోడకు గుచ్చుకొని ఊడి మళ్ళీ లేచింది. తెడ్డు చెక్క నిలువునా చీలింది. పడమటి కొండలు దగ్గరపడుతున్నాయి. వాటి నడుమ ఇరుకు కనుమ కనబడుతున్నది, అందులోనుంచి మరో గురక వినబడుతున్నది. అవ్వ ఊపిరికి జతగా, అంతకంటే లోతుగా. అవ్వ అడుగు తొందరపడింది. జక్కమల్లు వేళ్ళు, తాను ఎన్నడూ వాయించని చోటికి దిగసాగాయి.

"గురువుగారూ!" అన్నది హేలావతి వెనక్కి తిరగకుండానే, రొప్పుతూ. "ఇదేం పాట?"

"తెలియదు తల్లీ. నేనూ ఇప్పుడే వింటున్నాను."

ఇదిగో, అధ్యాయం ఇక్కడికి ఆపుతున్నాను గాని, ఈ చివరి జవాబు ఒక్కటి నా కల్పన. నిజానికి అతడేమీ అనలేదు. కళ్ళు మూసుకొని, నోరు కొద్దిగా తెరిచి, ముందుకు వంగి వాయిస్తున్నాడు. ఆమె అడిగిన సంగతే అతనికి వినబడలేదు. అంత కష్టంలో అడిగిన పిల్లకు జవాబు లేకపోతే బాగుండదని నేనే ఆ మాట అతని నోట పెట్టాను. తక్కినదంతా, తాబేలుతో సహా, ఉన్నదున్నట్టే చెప్పాను.